బిల్లులో పట్టుకొన్న రూపాయి ఎవరిది?
(గృహనిర్మాణపు పనులు చేయు మేస్త్రీలకు, ఉపగుత్తేదారులకు ఆదాయపు పన్ను, వాపసులను గురించి)

పటాన్‌చెరువు ప్రాంతము కర్మాగారములకు ప్రసిద్ధి. 1960 దశకమున రామచంద్రాపురములో భారత హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారము వెలసినది మొదలుకొని ఆ చుట్టుపట్ల పొలములు షెడ్లుగను, షెడ్ల వెంబడి ఇండ్లుగను మారుచు వచ్చినవి. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూరు మండలములోని కిష్టారెడ్డిపేట అట్లు మారిన గ్రామములలో నొకటి. 2024 వరకు గ్రామ పంచాయతీగా నుండిన ఈ ఊరు బాహ్యవలయ రహదారికి చేరువ. ఒకప్పుడు జొన్నచేలు కనబడిన చోట నేడు ఇనుప చువ్వలు, సెంట్రింగు చెక్కలు, ఇసుక కుప్పలు కనబడుచున్నవి.

ఇట్టి ఊరిలో ఒక భవనము లేచుటకు ఎందరి చేతులు కావలెనో పరికింపుడు. స్థలము యజమాని ఒకడు, కట్టించు సంస్థ వేరొకటి. ఆ సంస్థ పనిని పెద్ద గుత్తేదారున కప్పగించును. అతడు సెంట్రింగు ఒకరికి, తాపీపని ఒకరికి, ప్లాస్టరింగు మరొకరికి అడుగు లెక్కన పంచి ఇచ్చును. వీరే ఉపగుత్తేదారులు. మన వాడుకలో మేస్త్రీలు. వీరి క్రింద పాలమూరు నుండియో ఒడిశా నుండియో వచ్చిన కూలీల గుంపు పనిచేయును. పాలమూరు కూలీలు దేశమందలి పెక్కు ఆనకట్టల పునాదులలో చెమటోడ్చినవారు. గుంపును నడుపు వానికి గుంపు మేస్త్రీ యన్న పేరు నాటి నుండియు ఉన్నదే. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ మేస్త్రీ కొరకు వ్రాయబడినది. ఏలయన పన్నుల విషయమున ఎక్కువ నష్టపడుచున్నవాడు అతడే.

పని ముగిసి బిల్లు చేతికి వచ్చినప్పుడు లక్ష రూపాయలకు తొంబదితొమ్మిది వేలే ముట్టును. మిగిలిన వేయి ఏమాయెనని అడిగిన, "టీడీఎస్ పట్టుకొన్నాము" అని గుమాస్తా చెప్పును. మేస్త్రీ తల యూపి వెడలిపోవును. అది ప్రభుత్వమునకు పోయిన పన్ను, ఇక తనకు సంబంధము లేనిది అని అతని తలంపు. ఈ తలంపు సరికాదు. పట్టుకొన్న ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాలో మేస్త్రీ పేరననే, అతని పాన్ సంఖ్య క్రిందనే జమయై యుండును. సంవత్సరాంతమున అతడు నిజముగా చెల్లింపవలసిన పన్ను ఎంతయో లెక్కతేలిన పిమ్మట, ఎక్కువ పట్టుకొన్నదంతయు అతనికి తిరిగి రావలెను. అయితే లెక్క చెప్పి అడిగిన వానికే వచ్చును.

నూటికి ఒక రూపాయియే గదా యని కొందరందురు. మేము అట్లు తలంపము. ఆ రూపాయి పట్టుకొనునది లాభముపై కాదు, మొత్తము బిల్లుపై. కూలీలకు, పనిముట్లకు, రవాణాకు పోగా మేస్త్రీకి నూటికి పది మిగిలినచో, ఆ ఒక రూపాయి అతని మిగులులో పదియవ వంతు. నూటికి అయిదే మిగిలిన ఏడు అయిదవ వంతు. పిల్లల బడి రుసుము కట్టుటకు నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చు మనిషి, తన సొమ్మును ఖజానాలో మరచిపోవుచున్నాడన్న మాట.

గుత్తపనుల చెల్లింపులపై పన్ను పట్టుకొను పద్ధతి 1972లో ఆదాయపు పన్ను చట్టమున 194సి సెక్షనుగా ప్రవేశపెట్టబడినది. దాని ప్రకారము వ్యక్తికి గాని అవిభక్త హిందూ కుటుంబమునకు గాని చెల్లించునపుడు నూటికి ఒకటి, ఇతర సంస్థలకు చెల్లించునపుడు నూటికి రెండు పట్టుకొనవలెను. ఒకే చెల్లింపు 30,000 రూపాయలు మించినప్పుడు, లేదా ఒకే గుత్తేదారునకు ఆ సంవత్సరములో చెల్లించిన మొత్తము లక్ష మించినప్పుడు ఈ నియమము వర్తించును. బిల్లులో జీఎస్టీ వేరుగా చూపబడియున్నచో ఆ భాగముపై కోత లేదు. పాన్ ఇయ్యని వానికి మాత్రము నూటికి ఇరువది కోత పడును. పాన్‌ను ఆధారుతో జతపరుపనందున అది పనిచేయకుండ పోయిన వానికిని అదే గతి. పైగా మరల జతపరచువరకు వాపసు కూడ రాదు. 2025 నాటి నూతన ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలగునట్లు చేయబడినది. అందు ఈ నియమము 393వ సెక్షనులో చేరినది, సంఖ్య మారినను పై రేట్లు మారలేదు. కావున క్రొత్త కాగితముపై క్రొత్త సంఖ్య చూచి కంగారుపడ నక్కరలేదు.

లెక్క చేసి చూతము. ఒక ప్లాస్టరింగు మేస్త్రీకి 2025-26 ఆర్థిక సంవత్సరములో బ్యాంకు ద్వారా 18 లక్షల రూపాయల బిల్లులు ముట్టినవనుకొందము. నూటికి ఒకటి చొప్పున పట్టుకొన్నది 18,000. ఖర్చులన్నియు పోగా అతనికి మిగిలినది 3,60,000. వేరే ఆదాయము లేదు. నూతన పన్ను విధానమున ఆ సంవత్సరమునకు 4 లక్షల వరకు పన్ను లేదు. అనగా అతడు చెల్లింపవలసినది సున్న, తిరిగి రావలసినది 18,000 పూర్తిగా. అతనికి మిగిలినది 4 లక్షలు దాటినను, మొత్తము ఆదాయము 12 లక్షలు మించనంతవరకు రిబేటు వలన అతని వ్యాపారాదాయముపై పన్ను పడదు. మన మేస్త్రీలలో పెక్కుమంది ఈ హద్దులోని వారే యని వేరుగ చెప్ప నక్కరలేదు.

"నా వద్ద పద్దు పుస్తకములు లేవు, లెక్క ఎట్లు చూపుదును?" అని మేస్త్రీ అడుగవచ్చును. చిన్న వ్యాపారుల కొరకు 1961 చట్టమున 44ఏడి అను సెక్షను ఉన్నది. వ్యాపారము 2 కోట్లు మించని వాడు, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై నూటికి ఆరు, నగదుగా వచ్చిన దానిపై నూటికి ఎనిమిది లాభముగా చూపినచో పెద్దపద్దులు ఉంచుట నుండి మినహాయింపు కలదు. అసలు లాభము అంతకంటె ఎక్కువైనచో ఎక్కువయే చూపవలెను. కొందరు సలహాదారులు ఈ రెండవ మాట చెప్పరు. ఈ పద్ధతికి సుగమ్ అనబడు నాలుగవ నమూనా రిటర్ను చాలును. దానిని ఆదాయపు పన్ను శాఖవారి పోర్టలులో దాఖలు చేసి, ముప్పది దినములలోపల ఆధారు ఓటీపీ మూలమున ధ్రువపరుపవలెను. ధ్రువపరుపని రిటర్ను దాఖలు కానట్లే. వాపసు పడవలసిన బ్యాంకు ఖాతాను కూడ అదే పోర్టలులో ముందుగా సరిచూపించుకొనవలెను. ఖాతాలోని పేరునకు పాన్‌లోని పేరునకు తేడా యుండి వాపసు నిలిచిపోవుట తరచు జరుగుచున్నది. ఇంటిపేరు ముందొకచోట, వెనుక నొకచోట వ్రాయు మన అలవాటు ఇచ్చట చిక్కు తెచ్చును.

సకాలమున రిటర్ను వేసిన వానికి, మరుసటి ఏప్రిల్ 1 నుండి లెక్కించి వాపసుపై నెలకు నూటికి అర్ధరూపాయి వడ్డీ కూడ వచ్చును. ఆలస్యము చేసిన వానికి రిటర్ను వేసిన తేదీ నుండియే వడ్డీ. గడువు తప్పినను ఆ డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్నుకు వీలు కలదు. ఆదాయము పన్ను లేని హద్దులో ఉన్న వానికి ఆలస్య రుసుము కూడ లేదు. మరొక సంగతి. సంవత్సరములో పట్టుకొన్న పన్ను 25,000 చేరిన వాడు, ఆదాయము హద్దు లోపలనే యున్నను, రిటర్ను వేసి తీరవలెను. వృద్ధులకు ఈ పరిమితి 50,000. ఇట్టివారి విషయమున రిటర్ను హక్కే గాక బాధ్యతయు అగును.

ఇక ముఖ్యమైన జాగ్రత్త. గుమాస్తా పట్టుకొన్నామని చెప్పినంత మాత్రమున సొమ్ము ఖజానా చేరినదని నమ్మరాదు. పట్టుకొన్నవాడు మరుసటి నెల 7వ తేదీలోగా (మార్చి కోతను ఏప్రిల్ 30లోగా) ప్రభుత్వమునకు కట్టి, మూడు నెలల కొకసారి ఎవరి పేరున ఎంత కట్టినదియు పట్టిక పంపవలెను. ఆ పట్టిక చేరిన పిదపనే మేస్త్రీ పాన్ క్రింద 26ఏఎస్ అను లెక్కలో అది కనబడును. 2025-26 వరకు కోతకు సాక్ష్యముగా ఇయ్యవలసిన పత్రము పేరు 16ఏ. ఈ పత్రమును అడిగి పుచ్చుకొనుట మేస్త్రీ హక్కు. బిల్లు అడుగుటకు జంకని వాడు పత్రము అడుగుటకు జంకుట వింత. లెక్కలో సొమ్ము కనబడనిచో కారణము సాధారణముగా రెండింటిలో నొకటి: పాన్ సంఖ్యలో ఒక అక్షరము తప్పు పడుట, లేక గుత్తేదారు సొమ్మును కట్టకుండుట. మొదటి దానిని గుత్తేదారు సవరణ పట్టికతో దిద్దవచ్చును. ఆ సవరణకును గడువున్నది కనుక మేస్త్రీ వెంటనే కదలవలెను. రెండవది మోసము. అట్టిచోట, పట్టుకొన్న మేరకు ఆ పన్నును మరల మేస్త్రీ నుండి రాబట్టరాదని చట్టమున 205వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. కాని పట్టుకొన్నట్లు రుజువు కావలెను గదా. బిల్లు నకలు, బ్యాంకు పుస్తకములోని జమ, ఈ రెండును భద్రపరచిన వానికే ఆ రక్షణ అక్కరకు వచ్చును. నోటిమాట మీద నడిచిన పనిలో చట్టము కూడ చేయగలిగినది స్వల్పమే.

గడచిన సంవత్సరముల సొమ్ము మాటేమి? ఆశ వదలుకొన నవసరము లేదు. రిటర్ను గడువులన్నియు దాటినను, నిజమైన ఇబ్బంది వలన ఆలస్యమైనదని చూపి జాప్యము మన్నింపుమని ఆదాయపు పన్ను ప్రధాన కమిషనరునకు దరఖాస్తు పెట్టవచ్చును. 2024 అక్టోబరు 1 నాటి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులరు ప్రకారము, సంబంధిత అసెస్‌మెంటు సంవత్సరము ముగిసిన నాటినుండి అయిదేండ్లలోపల దరఖాస్తు చేరవలెను. ఉదాహరణకు 2020-21లో పట్టుకొన్న సొమ్మునకు 2027 మార్చి 31 వరకు అవకాశము కలదు. ఇట్లు వచ్చు వాపసుపై వడ్డీ రాదు. అసలు వచ్చుటయే మేలు.

ప్రభుత్వ పనులు చేయు మేస్త్రీల బిల్లులో కోతలు మరిన్ని. బడి గది, మురుగు కాలువ, సిమెంటు రోడ్డు బిల్లులపై ఆదాయపు పన్నుతో పాటు జీఎస్టీ కోత, కార్మిక సెస్సు, ఖనిజ సీనరేజి, డిపాజిట్టు అని వరుసగా వ్రాయబడి యుండును. అన్నింటిని కలిపి "కటింగు" అనుట మన అలవాటు. అన్నియు ఒక్క జాతివి కావు. జీఎస్టీ కోత 2018 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఒప్పందపు విలువ రెండున్నర లక్షలు మించినచో ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలు నూటికి రెండు పట్టుకొనును. ఇది ఆదాయపు పన్ను లెక్కలో ఎంత వెదకినను కనబడదు. జీఎస్టీ పోర్టలులో మేస్త్రీ అంగీకారము తెలిపిన తరువాత అతని నగదు ఖాతాలో జమయగును. అక్కడ తన జీఎస్టీ కట్టుటకు వాడుకొనవచ్చును, మిగిలినచో వాపసు కోరవచ్చును. డిపాజిట్టు, పని నిలకడ గడువు తీరిన పిమ్మట శాఖయే తిరిగి యిచ్చును. 1996 చట్టముతో ఆరంభమైన కార్మిక సెస్సు మాత్రము తిరిగి రాదు, అది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమమునకు పోవును. సీనరేజియు అంతే. బిల్లు చేతికి రాగానే ఏ కోత ఏ లెక్కకు పోయినదో ప్రక్కన వ్రాసికొన్న మేస్త్రీకి తరువాత తడుముకొను పని యుండదు.

హక్కుతో పాటు విధియు పెరుగును. సేవల ద్వారా సంవత్సరమునకు వచ్చు వ్యాపారము 20 లక్షలు దాటిన మేస్త్రీ తెలంగాణలో జీఎస్టీ నమోదు పొందవలెను. నివాస సముదాయములో భాగము కాని ఒంటరి ఇంటికి కేవలము కూలిపని చేసినచో ఆ పనిపై జీఎస్టీ లేదు. అపార్టుమెంటులో చేసిన అదే కూలిపనికి కలదు. ముందటి సంవత్సరపు వ్యాపారము కోటి రూపాయలు దాటిన మేస్త్రీ తానే క్రింది ఉపగుత్తేదారులకు చెల్లించునపుడు పన్ను పట్టుకొనవలెను, అందుకు టాన్ సంఖ్య తీసికొనవలెను. పట్టుకొని కట్టనిచో నెలకు నూటికి ఒకటిన్నర వడ్డీ, పట్టిక ఆలస్యమైనచో దినమునకు 200 రుసుము. నిన్న తన సొమ్ము కొరకు తిరిగిన వాడే నేడు మరియొకరి సొమ్మును చేతిలో నుంచుకొను స్థితి కలుగును. తన ఇల్లు తాను కట్టించుకొను గృహస్థునకు మాత్రము ఈ బాదరబందీ లేదు, ఒకే గుత్తేదారునకు సంవత్సరములో 50 లక్షలు మించి చెల్లించిననే తప్ప.

ఏటేట ఇంత పట్టుకొనుట, మరల ఇచ్చుట ఎందుకని విసుగుచెందు మేస్త్రీలు కొందరు బ్యాంకులో ఇచ్చు 15జి కాగితమును గుత్తేదారునకు ఇచ్చుచున్నారు. గుత్తపనికి అది చెల్లదు. చెల్లునది ఆదాయపు పన్ను అధికారి యిచ్చు తక్కువ కోత ధ్రువపత్రము. తన ఆదాయముపై పన్ను పడదని లేదా తక్కువ పడునని వెనుకటి రిటర్నులతో చూపి పోర్టలు ద్వారా దీనిని కోరవచ్చును. ధ్రువపత్రములో పేర్కొన్న గుత్తేదారు దాని కాలపరిమితి ముగియువరకు అందు వ్రాసిన రేటుననే పట్టుకొనవలెను. వెనుకటి రిటర్నులు లేనివానికి దీనిని పొందుట కష్టము. కనుక మొదటి రిటర్నును ఈ ఏడే వేయుట మంచిది.