ఇంగ్లీషు పరీక్ష: చదివి గ్రహించు ప్రశ్నలు

పదవ తరగతి పరీక్షలనగానే పల్లెలలోని బాలబాలికలను మిక్కిలి బెదరించునది ఇంగ్లీషు. తక్కిన విషయములలో మంచి మార్కులు తెచ్చుకొన్నవారు సైతము ఇంగ్లీషులో తప్పి చదువు మానివేయుట మనమెరుగుదుము. 2024 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పరీక్షలో ఇంగ్లీషునకు 100 మార్కులు. ఉత్తీర్ణతకు 35 కావలెను. అందు 30 మార్కులు చదివి గ్రహించు ప్రశ్నలకే కేటాయింపబడినవి. ఈ ప్రశ్నలకు గైడులు కంఠస్థము చేయనక్కరలేదు. సమాధానమునకు ఆధారము ఎదుట నున్న పేరాలోనే యుండును. దానిని వెదకుట నేర్చుకొనవలెను.

మొదట ప్రశ్నలను ఒకసారి చూచి, పిదప పేరాను ఆసాంతము చదువవలెను. తెలియని మాట వచ్చినచోట ఆగిపోరాదు. ఒక ఉదాహరణము చూతము. "డ్రాట్ వలన చెరువు ఎండిపోయినది. కాపరులు పశువులను నీటికొరకు 3 కిలోమీటర్లు తోలుకొనిపోయిరి. అవి చీకటిపడిన తరువాత తిరిగివచ్చినవి" అను భావము గల వాక్యములు ఇంగ్లీషులో ఇచ్చిరనుకొందము. 'డ్రాట్' అను మాట తెలియకపోయినను, ఎండిన చెరువును బట్టి అది అనావృష్టియని ఊహింపవచ్చును. మూడవ వాక్యములో 'దే' అని యుండును. అది ఎవరిని గూర్చినదో వెనుకటి వాక్యము చూచి నిర్ణయింపవలెను.

ప్రశ్న ఏ మాటతో మొదలైనదో గమనించుట ముఖ్యము. 'హూ' అనిన వ్యక్తిని, 'వేర్' అనిన స్థలమును, 'వెన్' అనిన కాలమును, 'వై' అనిన కారణమును చెప్పవలెను. పశువులను అంతదూరము ఏల తోలిరని అడిగినప్పుడు, 'పశువులు' అను మాట కనబడిన వాక్యమును ఎత్తి వ్రాసిన చాలదు. కారణము మొదటి వాక్యములో నున్నది. పెక్కుమంది మార్కులు పోగొట్టుకొనునది ఇచ్చటనే. సరియైన జవాబును ఎన్నుకొను ప్రశ్నలలో 'నాట్' అను చిన్న మాటను విస్మరించినచో అర్థము తలక్రిందులగును.

ఈ నేర్పు ఒక్కరాత్రిలో అలవడదు. దినమునకొక పేరా చొప్పున, గడియారము ఎదుట నుంచుకొని అభ్యసింపవలెను.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులును ఇందు తోడ్పడగలరు. రాత్రి భోజనమైన పిదప బిడ్డచేత ఆనాటి పేరా సారాంశమును తెలుగులో చెప్పించుకొని, "ఎవరు? ఎక్కడ? ఎందుకు?" అని ప్రశ్నింపుడు. బిడ్డ తడుముకొన్నచో మరల చదువుమనుడు. తెలుగులో తేటగా చెప్పగలిగిన బిడ్డ పేరాను గ్రహించినట్లే. ఇక సమాధానము వ్రాయుట సులభమగును.