శిల్పము దేనితో చేసిరి?



శాంతినికేతనమునుండి నీవు వ్రాసిన జాబు నిన్న అందినది. అక్కడి చెట్ల నడుమ నిలిచియున్న ‘సంతాల్ కుటుంబము’ శిల్పమును చూచి, మన హుస్సేన్‌సాగరపు బుద్ధునియందలి నునుపు దీనికి లేదనియు, గోడలు కట్టు సిమెంటుతో శిల్పము చేయనేల యనియు అడిగితివి. శిల్పము ఎవరిని పోలియున్నదని అడుగువారే లోకమున మెండు. దేనితో చేసిరని అడుగువారు అరుదు. నీవు ఆ రెండవ ప్రశ్నతో ఆరంభించితివి గనుక నాకు మిక్కిలి సంతోషమైనది.

బుద్ధుని సంగతి ముందు చెప్పెదను. భువనగిరి చెంతనున్న రాయగిరిలోని ఒకే రాతినుండి గణపతి స్థపతి ఆధ్వర్యమున మలచిన ఆ విగ్రహము ఎత్తు సుమారు 58 అడుగులు. 1990 మార్చిలో నీటిమీద తరలించుచుండగా అది మునిగి, మనుష్యుల ప్రాణములు పోయినవి. 1992లో దానిని పైకి తీసి నిలిపిరి. రాతిపని యంతయు తీసివేయుటయే. ఉలి ఒక్కమారు లోతు తప్పెనా, ఊడిన పెచ్చును మరల అతికించు దారి లేదు. కావుననే రాతిపనివాడు అవయవములను దేహమునకు దూరముగా పోనీయడు. బుద్ధుని కుడిచేయి భుజమునకు చేరువగానే లేచినది, చీవరపు మడతలు ఒంటినంటియే జారినవి. ఆ నిబ్బరము సగము తథాగతునిది, సగము రాతిది.

సిమెంటు దారి వేరు. అది చేర్చుకొనుచు పోవుపని. 1938లో రామకింకర్ బైజ్, కంచుపోతకు ధనము చాలని ఆ చోట, ఇనుప కడ్డీలతో పంజరము కట్టి, ఆ నేలలోనే దొరకు ఎర్రని గులకరాళ్లను సిమెంటుతో కలిపి, ముద్దలు ముద్దలుగా దానిమీదికి విసరి, గట్టిపడకమునుపే గీకి, చెక్కి నీవు చూచిన సంతాల్ కుటుంబమునకు రూపము తెచ్చెను. మరల చేరువకు పోయి చూడుము. పురుషుని భుజమున కావడి, కావడి తట్టలో బిడ్డ, స్త్రీ చంకన మరియొక బిడ్డ, ప్రక్కన కుక్క. పని వెదకికొనుచు ఊరు విడిచిపోవు బీదజనము. వారి ఒంటిమీద పొడుచుకొని కనబడు గులకరాళ్లు వారు నడచుచున్న నేలవే. ఆ గరుకును నున్నగా తోమినచో, ఆ బ్రతుకులోని ఎండయు దుమ్మును దానితోనే పోవును. ఆధునిక భారతీయ శిల్పము బాటప్రక్కకు వచ్చి సామాన్యుని పలుకరించినది ఇచ్చటనే యని నా నిశ్చయము.

ఆ రామకింకరుడే తరువాత ఢిల్లీలో రిజర్వు బ్యాంకు వాకిట యక్షయక్షిణులను రాతిలో చెక్కెను. అక్కడ ఈ నడక లేదు, స్తంభములవంటి స్థైర్యము కలదు. చేయి అదియే, పదార్థము మారగా పలుకు మారినది.

కంచును గూర్చి ఒక మాట. మట్టితో చేసిన రూపమునకు అచ్చు తీసి, కరగిన లోహమును పోయుదురు. అది బోలుగా నుండియు బలము కలది కావున, చాచిన చేతులను, వంగిన నడుములను విరుగనీయక నిలుపును. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేయగా 1959లో మద్రాసు మెరీనా తీరమున నిలిపిన ‘శ్రమ విజయము’లో నలుగురు శ్రామికులు బండను కదలించుచు ఒరిగిన తీరు రాతికి దుస్సాధ్యము. ఇక మన విశాఖపట్టణమున పనిచేసిన జి. రవీందర్ రెడ్డి, తేలికయై రంగును చక్కగా పట్టుకొను ఫైబర్‌గ్లాసుతో, కొప్పున పూలు ముడిచి కన్నులు విప్పార్చిన స్త్రీల శిరస్సులను నిలువెత్తుకు మించి చేసి, బంగారువన్నె దిద్దెను. ఆ మెరుపు తాను లోహమని బొంకదు. జాతరలోని అలంకారమువలె బాహాటముగా మెరయును. మన కూడళ్లలోనో, సిమెంటు విగ్రహమునకు కంచురంగు పూసి కంచని నమ్మింపజూతురు. అది నాకు కష్టము కలిగించును. ఏ పదార్థమునకును తన పుట్టుకను దాచుకొనవలసిన అగత్యము లేదు.

తిరుగు రైలు ఎక్కకమునుపు ఒక ఉదయమున ఆ కుటుంబము చుట్టు నెమ్మదిగా నడచి, వెనుకవైపునుండి కనబడినట్లు ఒక బొమ్మ గీసి నాకు పంపుము. ముందువైపు ఫొటోలు నాయొద్ద కలవు.

ఇట్లు,
మీ తాతయ్య