కత్తి – మంత్రము

దర్శి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములవారికి పులియును మేకయును క్రొత్తవి కావు. పడమట నల్లమల యడవులలో పులులు కలవు. ఊరూర మేకల మందలు కలవు. ఈ రెంటిని ఎదురెదురుగ నిలిపిన ఆట పులిజూదము. రచ్చబండ రాతిపై బొగ్గుతో గీసికొన్నను, మార్కాపురపు పలకపై బలపముతో గీసికొన్నను ఆట సాగును. పులులు 3, మేకలు 15, స్థానములు 23. పులి మేకపైనుండి ఆవలి ఖాళీ స్థానమునకు దూకి దానిని చంపును. మేకకు దూకుట లేదు. కాని మేక వెనుక మఱియొక మేక నిలిచినచో పులి దూకజాలదు. ఇట్లు ఒకదానికొకటి అండయై పులులను కదలనీయక కట్టివేసినచో గెలుపు మేకలదే.

ఇందు ఇరుపక్షముల బలము సమానము కాదు. అయినను ఇరువురికిని గెలుపునందు ఆశ కలదు. బలమును సమానముగా పంచుట వేఱు. ఆటను సమతూకముగా నిలుపుట వేఱు. ఈ భేదమును గుర్తించుట ఆటలు కల్పించువారికి ముఖ్యము.

1974 సంవత్సరమున అమెరికా దేశమునందు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు కల్పించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆట వెలువడెను. నేడు కంప్యూటరుపై ఆడెడి రోల్ ప్లేయింగ్ గేములు పెక్కింటికి ఇదియే మూలము. ఇందు ఒకడు కత్తి పట్టిన యోధుడగును, మఱియొకడు మాంత్రికుడగును. వీరు శత్రువులు కారు, ఒకే జట్టువారు. భూతములతో పోరాడినకొలది అనుభవము గడించి, పైస్థాయికి పోయి, మేలైన ఆయుధములను పొందుదురు. దెబ్బ యెంతటిదో పాచిక తేల్చును.

ఈ ఆటకు 1978లో వెలువడిన నియమములను చూడుడు. మాంత్రికునికి కవచము లేదు. బాకు, కఱ్ఱ వంటి స్వల్పాయుధములే వానికి తగినవి. తొలిస్థాయిలో దినమునకు ఒక్క మంత్రమే చెల్లును. అప్పుడు యోధుడు అడ్డు నిలువనిచో వాడు బ్రదుకజాలడు. కాని 5వ స్థాయికి వచ్చుసరికి అగ్నిగోళమను మంత్రము లభించును. స్థాయి యెంతయో అన్ని ఆరుముఖముల పాచికలు దానికి వేయవలెను. 10వ స్థాయిలో పది పాచికల సగటు 35. ఆ దెబ్బ చుట్టునున్న శత్రువులందఱకును తగులును. యోధుని కత్తికి ఎనిమిది ముఖముల పాచిక యొక్కటే, సగటు నాలుగున్నర. మూడంకెలు పెంచిన మహిమగల కత్తి దొరకినను దెబ్బ ఏడున్నరయే.

అప్పుడు యోధుని పాత్ర ధరించిన బాలుని గతి యేమి? వాని వంతు వచ్చుసరికి శత్రువు మిగులడు. వాడు ఊరక కూర్చుండి చూచును. కొంతసేపటికి లేచి యింటికి పోవును. ఒకని కట్లు తోడు పోయిన పిమ్మట జట్టు యెక్కడిది?

“ఇరువురి ఆయుధములను సమానముగా పెంచినచో సరిపోవును గదా!” యని తోచవచ్చును. లెక్కించి చూతము. ప్రతి పాచికకు ఒక్కటి చొప్పున పెంచినామనుకొందము. కత్తికి ఒక దెబ్బకు ఒక్కటియే పెరుగును. పది పాచికల అగ్నిగోళమునకు పది పెరుగును. ఎదుట ఐదుగురు శత్రువులున్నచో ఆ పెంపు మొత్తము 50. సమానముగా ఇచ్చిన వరమే వ్యత్యాసమును పెంచినది.

కత్తినుండియు నిప్పు కురిపించినచో? అది మేకకు పులి దూకు నేర్పినట్లగును. అప్పుడు యోధుడెవడో మాంత్రికుడెవడో తెలియదు. ఇరువురిలో ఒకడు చాలును.

కావున నేర్పరులు మఱియొక త్రోవ త్రొక్కిరి. మంత్రమునకు హద్దు పెట్టవలెను: 1989 నాటి నియమములలో అగ్నిగోళము పది పాచికలను మించరాదని కట్టడి చేసిరి. యోధునికి వాని పనిలోనే నైపుణ్యము పెంచవలెను: 1978 నియమములలోనే 7వ స్థాయి యోధుడు రెండు వంతులలో మూడు దెబ్బలు కొట్టగలడు. ఇక ఆయుధముల మాట. మాంత్రికుని కఱ్ఱకు బలము పెంచుటకంటె, మంత్రమును మఱియొకమారు చదువు వీలు కల్పించుట మేలు. యోధుని డాలుకు తన్ను మాత్రమే గాక, ప్రక్కవానిని గూడ కాచెడి గుణమును కూర్చుట మేలు. అప్పుడు మాంత్రికునికి యోధుని యవసరము తీఱదు. యోధునికి మాంత్రికుని యవసరము తీఱదు.

అందఱకు ఒకే కొలతతో కొలిచి యిచ్చుట న్యాయమువలె కనబడును. కాని ఎవనికి దేని కొఱత కలదో కనిపెట్టి యిచ్చుటయే నిజమైన న్యాయము. ఆటయందైనను, బడియందైనను, తన వంతు వచ్చినపుడు చేయుటకు ప్రతివానికిని ఒక పని మిగిలియుండవలెను.