చెవి మిషను పెట్టెలో, మామ్మ మూలన



మంచం పట్టినవారికి దివ్యసత్ప్రసాదం తీసుకొని ఇండ్లకు వెళ్ళినప్పుడు తరచుగా ఒకటి చూస్తుంటాను. మామ్మకు చెవి మిషను ఉంటుంది. అయితే అది ట్రంకుపెట్టెలో ఉంటుంది. "పెట్టుకుంటే బుర్రంతా గోల, ఫాదరు గారూ" అంటుంది. ఇంట్లోవారు కేకలు వేసి వేసి విసిగి, చివరికి మాట్లాడటమే మానేస్తారు. చెవుడుకంటె ఆ మౌనమే ముసలివారిని ఎక్కువగా కుంగదీస్తుంది.

కళ్ళజోడు పెట్టగానే చూపు తేటపడుతుంది. చెవి మిషను అలా కాదు. జూట్ మిల్లు మగ్గాల మోతలో ఏళ్ళ తరబడి పనిచేసినవారికైనా, వయసువల్ల వినికిడి తగ్గినవారికైనా, మెదడు చిన్న చప్పుళ్ళను మరచిపోయి ఉంటుంది. ఫ్యాను, గిన్నెలు, కాకులు అన్నీ ఒక్కసారి మీదపడతాయి. మళ్ళీ అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలలో ప్రక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి డాక్టరే కానక్కరలేదు. నిపుణులు తక్కువగా ఉన్న చోట్ల, తర్ఫీదు పొందిన మామూలు కార్యకర్తలు కూడ ఈ సేవలో పాలుపంచుకోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశా కార్యకర్తలు, మఠకన్యలు, విచారణ యువత ఈ పని నేర్చుకోవచ్చు. ఇంట్లో మనుమరాలు కూడ నేర్చుకోవలసిన విషయాలివి:

1. మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కరితో మాట్లాడుతూ, గంటసేపు చాలు. రోజురోజుకూ పెంచాలి. సంత, పెళ్ళిపందిరి చివరికి.

2. మిషను ఈల వేస్తే చెవిలో సరిగా కూర్చోలేదన్నమాట. తీసి మళ్ళీ అమర్చాలి. తగ్గకపోతే చెవిలో గుబిలి ఉందేమో డాక్టరుకు చూపించాలి.

3. స్నానానికి ముందు తీసెయ్యాలి. రాత్రి బ్యాటరీ మూత తెరచి, పొడిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. మన సముద్రతీరపు తేమ మిషనుకు పడదు. బ్యాటరీ పిల్లలు మింగితే ప్రాణాపాయం, వారికి అందనీయకూడదు.

4. కేకలు వద్దు. ఎదురుగా కూర్చుని, ముఖం వెలుతురులో ఉండేలా, నిదానంగా మాట్లాడాలి.

5. చెవిపోటు, చీము, ఉన్నట్టుండి వినికిడి పోవడం — వీటికి వెంటనే చెవి డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

అన్నిటికంటె ముఖ్యం: మీరు పెట్టి ఊరుకోకండి. మామ్మ చేతనే పెట్టించండి, తీయించండి.

60 ఏళ్ళు నిండిన పేదవారికి చెవి మిషను వంటి ఉపకరణాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలోనే, నెల్లూరులో ప్రారంభమైంది. వస్తువును ప్రభుత్వం ఇవ్వగలదు. ఓపికను ఇంటివారే ఇవ్వాలి.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు చెవిటివానిని జనసమూహం నుండి ప్రక్కకు తీసుకొనిపోయాడు. మన పని కూడ అక్కడే మొదలవుతుంది. ఈ ఆదివారం పూజ అయ్యాక మీ ఇంటి ట్రంకుపెట్టె ఒకసారి తెరచి చూడండి.