కొసనుండి కొసకు

బ్రిటను ద్వీపమునకు నైరృతి కొసను లాండ్స్ ఎండ్ అను కొండచరియయు, ఈశాన్యపు కొసను జాన్ ఓ గ్రోట్స్ అను చిన్న గ్రామమును గలవు. ఈ రెంటి నడుమ రోడ్డు మార్గము సుమారు 1,400 కిలోమీటర్లు. మన హైదరాబాదునుండి ఢిల్లీకి గల దూరముకన్న ఇది కొంచెమే తక్కువ. 1886లో జి. పి. మిల్స్ అను పందొమ్మిదేండ్ల యువకుడు, ముందుచక్రము మనుష్యుని రొమ్మంత యెత్తుండు ఆనాటి సైకిలుపై, ఐదు దినములకు కొంచెము మించిన కాలములో ఈ దారిని గడచెను. నేడు పెక్కుమందికి రెండు వారములు పట్టును. వీరిలో అనేకులు పోవునది పందెమునకు గాదు. హాస్పిసులకు ధనము కూర్చుటకు.

హాస్పిసు అనగానేమి? ఇక కుదురదని వైద్యులు నిశ్చయించిన వ్యాధిగ్రస్తులకు బాధ తగ్గించి, వారి కుటుంబమునకు తోడుగా నిలుచు సంస్థ. నేటి హాస్పిసులకు దారి చూపిన మహనీయురాలు సిసిలీ సాండర్సు. ఆమె 1918లో జన్మించెను. మొదట నర్సుగా పనిచేసి, నడుమునొప్పిచే ఆ వృత్తిని విడిచి, రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగమున చేరెను. అచట డేవిడ్ టాస్మా అను పోలండు దేశపు శరణార్థి, క్యాన్సరుతో మరణించుచున్నవాడు, ఆమెకు పరిచితుడయ్యెను. బాధలేక కన్నుమూయుటకు తగిన గృహమొకటి యుండవలెనని వారిరువురును ముచ్చటించుకొనెడివారు. 1948లో అతడు మరణించుచు 500 పౌనులు ఆమెకు విడిచి, తన సొమ్ము ఆ గృహమునందొక కిటికీ కావలెనని కోరెను. గృహమింకను లేదు, కిటికీకి మాత్రము సొమ్ము వచ్చినది! ఆమె వైద్యవిద్య నభ్యసించి 1957లో డాక్టరయ్యెను. నొప్పి మరల వచ్చినపిదప మందిచ్చుట తగదనియు, రాకమునుపే వేళకు క్రమముగా నీయవలెననియు రోగుల నడుమ పనిచేసి నిరూపించెను. కిటికీ చుట్టును గోడలు లేచుటకు పందొమ్మిదేండ్లు పట్టినది. 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసు తెరువబడెను. మన దేశమున ఇట్టి మొదటి గృహము, శాంతి అవేదన సదన్, 1986లో బొంబాయిలో వెలసినది.

ఇంగ్లండులో హాస్పిసుల సేవ ఉచితము. వాని వ్యయములో ప్రభుత్వమిచ్చునది సుమారు మూడవ వంతు. తక్కినది ప్రజలే కూర్చవలెను. కనుక సైకిలు యాత్రికుడు బయలుదేరుటకు ముందే బంధువులను, ఇరుగుపొరుగువారిని, తోడి ఉద్యోగులను కలిసి, తన యాత్రకై ఇంత సొమ్ము హాస్పిసునకిత్తుమని మాట పుచ్చుకొనును.

"సొమ్మే కావలసినచో తానే యిచ్చి యింట గూర్చుండరాదా? ఈ ఆయాసమెందులకు?" అని మీలో తెలివిగలవాడెవడైన నడుగవచ్చును. ప్రశ్న మంచిదే. కాని ఒకని సంచి చిన్నది. ఊరక చేయి చాచినవానికి పది రూపాయలీయనివారును, తమకొరకు కాక పరులకొరకు ఇంత దూరము త్రొక్కువానికి నూరిత్తురు. మరియు, ఈ యాత్రికులలో పెక్కురు తమ తల్లినో, మిత్రునో ఆ హాస్పిసులోనే సాగనంపినవారు. దుఃఖించువానికి చేతికొక పని కావలెను. అయితే కూర్చిన ధనమునుండి తమ బసకును భోజనమునకును వాడుకొనుట తగదు. ఉత్తములు తమ ఖర్చును తామే భరింతురు.

నైరృతినుండి గాలి యెక్కువగా వీచును గనుక, అది వెన్ను దన్నునని దక్షిణమునుండియే బయలుదేరుట వాడుక. స్కాట్లండు పర్వతములే కష్టమని క్రొత్తవారు భయపడుదురు గాని, మొదటి దినములలోనే కార్న్‌వాల్, డెవన్ సీమల పొట్టి నిట్రపు మిట్టలు కాళ్లను విరుచును. ఆకలికి ముందే తినవలెను, దప్పికకు ముందే త్రాగవలెను. వానలో పంక్చరు వేసికొనుట తెలియనివాడు త్రోవలో చిక్కుపడును. నాలుగైదు దినములకు కూర్చుండు చోట ఒరిపిడి పుండ్లు పడును, అరచేతులు తిమ్మిరెక్కును. అపుడు మానివేయవలెనను తలంపు రాక మానదు. మాట యిచ్చినవారి పట్టిక జేబులో నుండును.

తుదకు జాన్ ఓ గ్రోట్స్‌లో సముద్రపుటొడ్డున నున్న దారిస్తంభముకడ సైకిలు నానించి ఫోటో తీసికొందురు. పిదప థర్సో పట్టణమున రైలెక్కి యింటికి మరలుదురు. ఆ సొమ్ముతో హాస్పిసు నర్సు రాత్రివేళ ఒక యింటి తలుపు తట్టి, రోగి ప్రక్కన కూర్చుండి, తెల్లవారువరకు ఆ యింటివారిని నిదురింపనిచ్చును.