కురుల కాపుదల

పాఠ్యభాగ ఉద్దేశం

తలవెంట్రుకల పొడవును గురించి మన ఇళ్లలోను, అంగళ్లలోను అనేక నమ్మకాలు వ్యాప్తిలో ఉన్నాయి. వెంట్రుక స్వభావాన్ని శాస్త్రదృష్టితో వివరించడం, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల జీవనంతో ముడిపడిన కేశసంరక్షణ పద్ధతులలోని మంచిని గుర్తింపజేయడం, పుట్టుకతో వచ్చిన కేశరూపాన్ని గౌరవించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే’ అని సామెత. తెలుగువారి జీవితంలో కేశాలకు ఉన్న స్థానం సామాన్యమైనది కాదు. నిండుసభలో పరాభవం పొందిన ద్రౌపది తన కురులను చేతబట్టి శ్రీకృష్ణునికి చూపిన ఘట్టాన్ని తిక్కన ఉద్యోగపర్వంలో హృదయం ద్రవించేటట్లు చిత్రించాడు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడ ఆమె ఆత్మాభిమానానికి గుర్తు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధిలోను, జగిత్యాల జిల్లాలోని కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిలోను భక్తులు మొక్కు చెల్లించి తలనీలాలు సమర్పిస్తారు. మానవుడు తనకు ప్రియమైనదానినే కదా దైవానికి అర్పించేది!

ఇంత ప్రియమైన కురులను గురించి మనకు తెలిసినది మాత్రం స్వల్పం. ‘నా జుట్టు పెరగడం లేదు’ అనే మాట కళాశాల విద్యార్థినుల నోట తరచుగా వినిపిస్తుంది. ఒక నూనె మాని మరొక నూనె కొంటారు. ఒక ప్రకటనను నమ్మి మోసపోయి, మరొక ప్రకటనను నమ్ముతారు. నిజానికి వారిలో చాలామందికి జుట్టు పెరుగుతూనే ఉంటుంది. పెరిగినంత పొడవు నిలవడం లేదు. పెరగడం వేరు, నిలవడం వేరు. ఈ భేదాన్ని గ్రహించడమే కేశసంరక్షణకు తొలిమెట్టు.

శిరోజం ఎట్లా పుడుతుందో మొదట తెలుసుకుందాం. మన తలపై సుమారు ఒక లక్ష వెంట్రుకలు ఉంటాయి. చర్మం లోపల ఉన్న కుదురు మాత్రమే సజీవమైనది. చర్మం దాటి వెలుపలికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. అది కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడిన పోగు మాత్రమే. అందుకే కత్తిరించినప్పుడు మనకు నొప్పి కలగదు. ప్రతి వెంట్రుకా రెండు నుంచి ఆరు సంవత్సరాల పాటు పెరిగి, కొన్ని వారాలలో పెరుగుదల చాలించి, సుమారు మూడు నెలలు విశ్రమించి రాలిపోతుంది. ఆ కుదురు నుంచే మళ్లీ కొత్త వెంట్రుక మొలుస్తుంది. కనుక రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజం. దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనిపించగానే కలవరపడనవసరం లేదు.

వెంట్రుక నెలకు దాదాపు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే సంవత్సరానికి 15 సెంటీమీటర్లు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదివే ఒక విద్యార్థిని జడ 75 సెంటీమీటర్లు ఉన్నదనుకుందాం. ఆ జడ కొస ఆమె ఏడవ తరగతిలో ఉన్ననాడు మొలిచినది. అది ఐదు వేసవుల ఎండను చూసినది. వారానికి రెండుమార్లు తలంటుకున్నా, ఐదువందల స్నానాలకు మించి ఓర్చుకున్నది. ఇన్నేళ్ల రాపిడికి అరిగిన కొస నెలకొక సెంటీమీటరు చొప్పున తెగిపోతే, సంవత్సరంలో పెరిగిన 15 సెంటీమీటర్లలో మిగిలేది 3 సెంటీమీటర్లే. చూసేవారికి జుట్టు ‘పెరగనట్లే’ ఉంటుంది. లోపం కుదురులో లేదు, కొసలో ఉన్నది.

ఈ సత్యం సిరిసిల్ల వంటి నేతపట్టణంలో పుట్టినవారికి సులభంగా బోధపడుతుంది. మగ్గంపై పడుగు నూలు క్షణక్షణం రాపిడికి గురి అవుతుంది. పోగు తెగితే నేత ఆగుతుంది. అందుచేత నేతకారుడు నూలు పడుగుకు ముందే గంజి పట్టించి, పైకి లేచిన నూగును అణచి, పోగుకు నునుపును, బలాన్ని కలిగిస్తాడు. చిక్కుపడిన పోగును లాగి తెంచడు. ఓపికతో విడదీస్తాడు. పడుగుపేకల విషయంలో చూపే ఈ ఓర్పే కురుల విషయంలోనూ అవసరం. వెంట్రుక పైపొర ఇంటికప్పు మీది గూనపెంకుల వలె ఒకదానిపై ఒకటి ఒదిగిన సన్నని పొలుసులతో ఏర్పడుతుంది. పొలుసులు ఒదిగి ఉన్నంతకాలం వెంట్రుక నిగనిగలాడుతుంది. రాపిడికి, వేడికి, తీవ్రరసాయనాలకు అవి లేచిపోతే లోపలి నార బయటపడి, కొస రెండుగా చీలి, చివరకు తెగిపోతుంది.

నూలుకు గంజి ఎట్లాగో, కురులకు నూనె అట్లాగని చెప్పవచ్చు. ‘నూనె’ అనే మాటే నువ్వులతో ముడిపడినది. ‘నూ’ అనగా నువ్వు. నువ్వుల ‘నెయ్యి’యే నూనె అయినది. జగిత్యాల ప్రాంతం నువ్వుల సాగుకు పేరు పొందినది. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనస్థానం ‘శ్వేత తిల్’, ‘జగిత్యాల తిల్-1’ వంటి మేలైన నువ్వు వంగడాలను రూపొందించింది. నువ్వులనూనె వెంట్రుకలపై పలుచని పొరగా పరుచుకొని రాపిడిని తగ్గిస్తుంది. కొబ్బరినూనెకు మరొక గుణం ఉన్నది. దానిలోని లారిక్ ఆమ్లపు అణువులు చిన్నవి కావడంచేత అవి వెంట్రుక లోపలికి చొరగలవు. తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుకలోని మాంసకృత్తు నష్టం తగ్గుతుందని 2003లో ప్రచురితమైన ఒక భారతీయ పరిశోధన తెలిపింది. అయితే ఏ నూనె అయినా కాపాడుతుందే గాని, కొత్త వెంట్రుకలను మొలిపించదు. గుంటగలగర, మందారం మొదలైన ఆకులను కాచిన నూనెలకూ ఈ మాట వర్తిస్తుంది. వాటివల్ల కలిగే మేలును కాదనవలసిన పని లేదు, అద్భుతాలను ఆశించవలసిన పనీ లేదు.

తలంటుకు మన పెద్దలు కుంకుడుకాయలను, శీకాయను వాడేవారు. కుంకుడుకాయలను పగులగొట్టి, గింజలు తీసివేసి, వేడినీటిలో నానబెట్టి పిసికితే నురుగు వస్తుంది. వాటిలోని సపోనిన్లు అనే పదార్థాలే ఆ నురుగుకు కారణం. బోరుబావుల కఠినజలంలో సబ్బు తెల్లని తెట్టుగా మారి జుట్టుకు అంటుకుంటుంది. కుంకుడు రసంతో ఆ చిక్కు లేదు. కాని పులుసును వడకట్టక వాడితే నలుసులు జుట్టులో చిక్కుకొంటాయి. కంట్లో పడితే తీవ్రమైన మంట కలుగుతుంది. తీరిక లేనివారు తేలికైన షాంపూను నీటిలో కలిపి మాడుకు మాత్రమే పట్టించి, జారిన నురుగుతోనే కొసలను కడుక్కోవడం మేలు. మురికి చేరేది మాడున, అరిగి ఉండేది కొసన. ఈ తేడాను మరువరాదు.

తడిసిన వెంట్రుక ఎక్కువగా సాగుతుంది, సులభంగా తెగుతుంది. కాబట్టి తలస్నానం చేసిన వెంటనే తువ్వాలుతో గట్టిగా రుద్దరాదు. మెత్తని పాత నూలుగుడ్డతో అద్దుకోవాలి. దువ్వేటప్పుడు వెడల్పు పళ్ల దువ్వెనతో మొదట కొసల చిక్కు తీసి, క్రమంగా పైకి రావాలి. మాడు నుంచి ఒక్కసారిగా కిందికి లాగితే చిక్కులన్నీ ఒకచోట బిగుసుకొని వెంట్రుకలు తెగుతాయి. జడ కురులను ఎండ నుంచి, దుమ్ము నుంచి, రాపిడి నుంచి కాపాడుతుంది. కాని దానికి ఒక హద్దు ఉన్నది. బడికి వెళ్లే బాలికలకు రెండుజడలు బిగించి, రిబ్బన్లతో మడిచి కట్టడం మనకు అలవాటు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుడుతూ సంసారభారం మోసే తల్లికి ఉదయంపూట తీరిక తక్కువ. సాయంత్రం వరకు జడ విడరాదని ఆమె గట్టిగా బిగిస్తుంది. ఏళ్ల తరబడి ఈ లాగుడు కొనసాగితే నుదుటి అంచున, చెవులపైన వెంట్రుకలు పలుచబడతాయి. కుదురు పూర్తిగా దెబ్బతింటే అక్కడ మళ్లీ మొలవవు. జడ వేసుకొన్నప్పుడు నొప్పి కలిగితే అది బిగువు ఎక్కువైనదనడానికి గుర్తు.

ఈ అనుభవం మనకే పరిమితం కాదు. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలంలో విక్రయిస్తుంది. ఇట్లా మన దేశం నుంచి ఎగుమతి అయ్యే కురులు సవరాలుగా, విగ్గులుగా మారి అమెరికాలోని నల్లజాతి స్త్రీల శిరస్సులనూ అలంకరిస్తున్నాయి. వారి సహజకేశాలు చిన్నచిన్న చుట్లుగా ముడుచుకొని ఉంటాయి. మాడులో ఊరే జిడ్డు ఆ వంపుల గుండా కొసలకు చేరలేదు. అందుచేత జుట్టు పొడిబారి, ప్రతి వంపు దగ్గరా తెగే ప్రమాదం ఎక్కువ. ముడుచుకొని ఉండడంవల్ల ఉన్న పొడవు కూడా సగమే కనిపిస్తుంది. అందుకే ‘మీ జుట్టు పెరగదు’ అనే అపవాదును వారు తరతరాలుగా మోశారు. ఆ అపవాదును వారు ఓర్పుతో తొలగించుకొన్నారు. జుట్టును పాయలుగా విడదీసి, తడిపి, నూనె లేదా మృదువైన లేపనం పట్టించి చేతివేళ్లతో చిక్కు తీయడం, కొసలను దాచే జడలు వేసుకోవడం, రాత్రివేళ నునుపైన వస్త్రం చుట్టుకోవడం వారి పద్ధతులు. పెంచడానికి కాక, నిలుపుకోవడానికే అవన్నీ ఉద్దేశింపబడినవి.

ఈ చరిత్రలో మేడమ్ సి.జె. వాకర్ పేరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సారా బ్రీడ్‌లవ్ ఆమె అసలు పేరు. బానిసలుగా బతికిన దంపతులకు 1867లో లూసియానాలో జన్మించింది. బట్టలుతికి జీవించే రోజులలో మాడువ్యాధి వల్ల జుట్టు రాలిపోగా, మాడు శుభ్రతకు ప్రాధాన్యమిచ్చే లేపనాలను తయారుచేసి, వేలాదిమంది నల్లజాతి స్త్రీలకు ఉపాధి చూపింది. 1919లో మరణించేనాటికి ఆమె ప్రముఖ పారిశ్రామికవేత్త. సహజమైన జుట్టుతో బడికి, ఉద్యోగానికి వచ్చినవారిపై వివక్ష చూపరాదని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం ‘క్రౌన్ చట్టం’ చేసింది. తల మీది జుట్టు కోసం చట్టం చేయవలసి వచ్చిందంటే, వారు పొందిన అవమానం ఎంతటిదో ఊహించవచ్చు.

మన ఇళ్లలోనూ ఉంగరాల జుట్టుతో పుట్టిన పిల్లను ‘పిచ్చుకగూడు’ అని ఎగతాళి చేసేవారు లేకపోలేదు. అది హాస్యంగా మొదలై ఆ పిల్ల మనసులో న్యూనతగా స్థిరపడుతుంది. పెళ్లిచూపుల నాటికి వేడి ఇస్త్రీలతోనో, రసాయనాలతోనో జుట్టును సాపు చేయించాలని పెద్దలే తొందరపడతారు. ఈ సాపు కొన్ని నెలల ముచ్చట. దెబ్బతిన్న వెంట్రుక నిర్జీవమైనది కనుక తిరిగి బాగుపడదు, కత్తిరించవలసిందే. అంతేకాదు. 33 వేలకు పైగా అమెరికా స్త్రీలను పరిశీలించి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జుట్టును సాపు చేసే రసాయనాలను తరచుగా వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. ఆ రసాయనాలే దానికి కారణమని ఇంకా రుజువు కాకపోయినా, జాగ్రత్తపడడానికి ఈ హెచ్చరిక చాలు.

పైపూత ఎంత బాగున్నా కుదురుకు బలం ఆహారం నుంచే రావాలి. తెలంగాణ స్త్రీలలో సగంకంటె ఎక్కువమంది రక్తహీనతతో బాధపడుతున్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వెల్లడించింది. ఇనుము లోపించినప్పుడు, థైరాయిడ్ గతి తప్పినప్పుడు జుట్టు ఎక్కువగా రాలుతుంది. తీవ్రజ్వరం తరువాత, కాన్పు తరువాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలడం చూసి భయపడతారు. చాలామందిలో అది కొన్ని నెలలకు దానంతట అదే సర్దుకొంటుంది. పప్పుధాన్యాలు, ఆకుకూరలు, నువ్వులు, గుడ్లు ఆహారంలో చేర్చుకోవాలి. రాలడం ఆగకపోయినా, మాడుపై పొక్కులు లేదా బోడిమచ్చలు కనిపించినా నూనె మార్చడం కాదు, వైద్యుని సంప్రదించడం కర్తవ్యం.

కురుల పొడవు ఎంతవరకు పెరగాలన్నది పుట్టుకతోనే చాలావరకు నిర్ణయమై ఉంటుంది. పెరిగినదాన్ని నిలుపుకోవడం మాత్రం మన చేతిలో ఉన్నది. అది సీసాలో దొరికేది కాదు. ఓపికగా చిక్కు తీసే చేతివేళ్లలో, బిగించక వేసిన జడలో, కడుపునిండా తిన్న అన్నంలో ఉన్నది. నిడుపైనదైనా పొట్టిదైనా, సాపైనదైనా ఉంగరాలదైనా, పుట్టుకతో వచ్చిన జుట్టును చూసి సిగ్గుపడనివారే దానిని చక్కగా కాపాడుకోగలరు.

కఠినపదాలు – అర్థాలు

పరాభవం = అవమానం
కుదురు = వెంట్రుక మొలిచే మూలస్థానం
మాంసకృత్తు = ప్రోటీన్
మాడు = నడినెత్తి, తలపై చర్మం
పడుగు = బట్టనేతలో నిలువు పోగులు
పేక = బట్టనేతలో అడ్డ పోగులు
నూగు = పోగుపై లేచిన సన్నని ఈకలు
వంగడం = మేలుజాతి విత్తన రకం
సవరం = జడకు చేర్చే కృత్రిమ కేశపాశం
న్యూనత = తక్కువతనం
నిడుపు = పొడవు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ‘పెరగడం వేరు, నిలవడం వేరు’ అనే మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.
2. కేశసంరక్షణలో మన సంప్రదాయ పద్ధతుల మేలును, వాటి పరిమితులను వివరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నేతకారుని నూలుకు, కురులకు రచయిత చూపిన పోలికను తెలపండి.
2. నల్లజాతి స్త్రీల జుట్టు పెరగదనే అపవాదు ఎందుకు వచ్చింది?
3. బిగించి జడ వేయడం వల్ల కలిగే నష్టమేమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. వెంట్రుకలో సజీవమైన భాగం ఏది?
2. ‘నూనె’ అనే పదం ఎట్లా ఏర్పడింది?
3. కుంకుడుకాయల నురుగుకు కారణమైన పదార్థాలేవి?
4. ‘క్రౌన్ చట్టం’ కాలిఫోర్నియాలో ఏ సంవత్సరంలో వచ్చింది?

ఈ) భాషాంశాలు
సంధులు:
ఆత్మాభిమానం = ఆత్మ + అభిమానం – సవర్ణదీర్ఘసంధి
శిరోజం = శిరః + జం – విసర్గసంధి
మేలైన = మేలు + ఐన – ఉత్వసంధి

సమాసాలు:
కేశసంరక్షణ – కేశముల యొక్క సంరక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం
పడుగుపేకలు – పడుగును, పేకయును – ద్వంద్వ సమాసం
రెండుజడలు – రెండైన జడలు – ద్విగు సమాసం
నిండుసభ – నిండైన సభ – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం