చివరి వరసలో నిలబడి వినండి

తలుపేసుకుని వాయించుకున్నంతసేపూ మీ గిటార్‌తో గది నిండిపోతుంది. అదే ఆంప్‌ను వినాయక చవితి ఆర్కెస్ట్రాకో, చర్చిలో క్రిస్మస్ ఆరాధనకో తీసుకెళ్తే కీబోర్డూ డ్రమ్సూ కలిసి దాన్ని మింగేస్తాయి. అప్పుడు కర్నూలు కుర్రాడైనా, కడప కుర్రాడైనా చేసే పని ఒకటే. వాల్యూమ్ పెంచుతాడు. పాడేవాళ్ల మాట మునిగిపోతుంది. వెనకనుంచి ఎవరో "పాట ఇనపడల్యాదప్పా" అని అరుస్తారు. ఆంప్‌ను తిట్టుకోకండి. మీరు ఆ శబ్దాన్ని మీ చెవికి నచ్చేట్టు సెట్ చేసుకున్నారు, అంతే. వినేవాళ్లు కూర్చునేది ఇంకోచోట.

చెవి చేసే మాయ కూడా ఇందులో కొంత ఉంది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ సరిగా అందదని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ లెక్కలు కట్టి చూపించారు. అందుకే గదిలో బేస్ పెంచుతాం, మెరుపు కోసం ట్రెబుల్ పెంచుతాం, మిడ్ తగ్గిస్తాం. వేదిక మీద ఆ పెంచిన బేస్ పోయి బేస్ గిటార్‌తో తగాదా పడుతుంది, ట్రెబుల్ తాళాలతో పడుతుంది. గిటార్‌కంటూ ఉన్న సొంత జాగా మిడ్. దాన్ని మన చేతులతో మనమే ఖాళీ చేసి వచ్చాం.

కాబట్టి నాబ్‌లు తిప్పేది జట్టుతో కలిసి, అసలు శబ్దంలో వాయిస్తున్నప్పుడే. మూడూ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్క నాబే కదపండి, ఎందుకంటే చాలా ఆంప్‌లలో ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతాయి. మిడ్ కాస్త ఎక్కించండి. విడిగా వింటే ముక్కుగొంతులా ఉంటుంది, ఉండనీయండి. కుదిరాక ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక చానళ్లు. పాత ఆంప్‌లకు రెండు చానళ్లిచ్చింది గిటారూ మైకూ ఒకే డబ్బాకు తగిలించుకోవడానికి. కాలితో నొక్కి శబ్దం తీరే మార్చేసే సదుపాయం 1970ల తర్వాత బాగా పాకింది. ఇప్పుడు క్లీన్, క్రంచ్, లీడ్ అని మూడుంటాయి. ముందు క్లీన్‌ను పాడేవాళ్ల గొంతు పక్కన ఒదిగేట్టు సరిచేయండి. అదే కొలబద్ద. క్రంచ్‌ను దాంతో సమానంగా, లీడ్‌ను పిసరంత ఎక్కువగా ఉంచండి. చాలామంది లీడ్ దగ్గరే మొదలుపెట్టి, క్లీన్ కోసం చివర్లో వెతుక్కుంటారు.

గెయిన్ విషయంలో మాత్రం కాస్త కటువుగానే చెప్పాలి. గెయిన్ పెంచితే ప్రతి స్వరం నిండుగా, ఒకే ఎత్తులో వస్తుంది. వేలు బలంగా మీటినా బలహీనంగా మీటినా తేడా తెలియదు. అందుకే సాధన తక్కువైనవాళ్లకు అదంటే అంత ప్రేమ. మీకు చాలనిపించినచోట నుంచి ఇంకొంచెం వెనక్కి తిప్పండి. తప్పులు బయటపడతాయి. పడనీయండి, వాటిని వచ్చే వారం సాధనలో చూసుకోవచ్చు.

స్పీకర్ జత కలిపే దగ్గర ఊహాగానాలు పనికిరావు. ఆంప్ వెనక ఎన్ని ఓమ్‌లని రాసుందో చదవండి. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే 4, వరసగా కలిపితే 16. వాల్వుల ఆంప్‌ను స్పీకర్ తగిలించకుండా మోగిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కు రాసిన ఓమ్‌లకంటే తక్కువది తగిలిస్తే దానికి తలకు మించిన భారం. స్పీకర్ ఓర్చుకునే వాట్లు ఆంప్ ఇచ్చే వాట్లకంటే ఎక్కువుండాలి. పేర్లు చూసి మోసపోవద్దు: సెలెషన్ వారి వింటేజ్ 30 ఓర్చుకునేది 60 వాట్లు. అదే కంపెనీ గ్రీన్‌బ్యాక్ 25 దగ్గరే ఆగుతుంది. 50 వాట్ల ఆంప్‌ను ఒక్క గ్రీన్‌బ్యాక్ మీద రుద్దకండి.

వాట్ల పిచ్చి కూడా వదలాలి. 50 వాట్ల నుంచి 100కు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. వాట్లు అలాగే ఉంచి, సెన్సిటివిటీ 97 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ తీసి 100 డెసిబెల్స్‌ది పెడితే అదే లాభం. రెండు రకాల స్పీకర్లను ఒకే పెట్టెలో పెడితే గట్టిగా పలికేదే ముందుకొస్తుంది. వింటేజ్ 30 పక్కన గ్రీన్‌బ్యాక్ పెట్టినప్పుడు జరిగేది ఇదే.

మన దగ్గర చాలామంది అసలు ఆంప్ మోయరు. ప్రాసెసర్ తీగను నేరుగా సౌండ్ సర్వీస్ వాళ్ల మిక్సర్‌కు ఇచ్చేస్తారు. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. వాళ్ల పెట్టెలు అంతకు ఎంతో పైదాకా పలుకుతాయి. అందుకే డిస్టార్షన్ నొక్కగానే జుయ్యిమని గీరుతుంది. ప్రాసెసర్‌లో గిటార్ స్పీకర్ పెట్టెను అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, సగం బాధ తీరుతుంది.

చోటు కూడా మీ జతలో ఒకటని గుర్తుంచుకోండి. బేతంచెర్ల రాళ్లు, కడప బండలు పరిచిన హాల్లో సాయంత్రం నాలుగింటికి సౌండ్ చెక్ చేస్తే శబ్దం గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. జనం నిండాక వాళ్ల బట్టలే ఆ మెరుపును పీల్చేస్తాయి. ఖాళీ హాల్లో ట్రెబుల్ బాగా తగ్గించేసినవాడు రాత్రికి మొద్దుబారిన శబ్దంతో మిగులుతాడు. రివర్బ్ నాబ్‌ను ఆ రాళ్లకే వదిలేయండి, వాటికి కావలసినంత ఉంది. కర్నూల్లో కేసీ కెనాల్ గట్టున నిమజ్జనం నాటి ఆరుబయట కథ వేరు. గోడల్లేవు, శబ్దం తిరిగి రాదు, బేస్ పలచబడుతుంది. నిన్న హాల్లో తీసుకున్న ఫొటో ఇక్కడ మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతవరకే.

చివరి వరస సంగతి నాటకాలవాళ్లకు బాగా తెలుసు. సురభి నాటక సమాజం కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టింది. మైకుల్లేని రోజులు. చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి సంభాషణ అందితేనే నాటకం నిలిచేది. కాబట్టి పొడవాటి తీగ వేసుకుని ఆ చివరి వరసదాకా నడవండి. తీగ చాలకపోతే గిటార్ మరొకరి చేతికిచ్చి వెళ్లండి. మోకాలి ఎత్తులో ఉన్న స్పీకర్‌కు ఆనుకుని నిలబడ్డవాడికి తన శబ్దమే తెలియదు. దాని మొహం మీ చెవికేసి తిప్పి, కాస్త ఎత్తున పెట్టండి. వాల్యూమ్ పెంచాలన్న కోరిక అప్పుడే కొంత చల్లారుతుంది.

సౌండ్ సర్వీస్ అన్నతో ముందే రెండు మాటలు మాట్లాడండి. "అన్నా, నాది ఎక్కువైతే చెయ్యి ఊపు, తగ్గిస్తా" అంటే చాలు, రాత్రంతా మీవైపు ఉంటాడు. పాట అయ్యాక ఆయన దగ్గరికెళ్లి "ఎట్లా వాయించినా?" అని అడగకండి. బాగుందన్నా అంటాడు, మొహమాటం కొద్దీ. "రెండో చరణంలో ఏ మాటలు అందలేదన్నా?" అని అడగండి. ఆయన చెప్పిన మాటలు ఏ చోట వచ్చాయో చూసుకుని, అక్కడ మీరు తీగలన్నీ గీకుతున్నారో లేదో వెతకండి.